కౌలు ఒప్పందం – భూమి యజమాని బాధ్యత, సాగుదారు హక్కు

పొలం ఒకరి పేరున ఉంటుంది. దుక్కి దున్నించేది, నారు నాటించేది, మందు కొట్టేది, రాత్రివేళ మోటారు దగ్గర కాపలా కాసేది ఇంకొకరు. పంట బాగా పండితే ఈ తేడా పెద్దగా కనిపించదు. పంట పోయినప్పుడే అసలు ప్రశ్న ముందుకొస్తుంది: ఈ పంట ఎవరిది? ఈ నష్టం ఎవరిది? ప్రభుత్వం ఇచ్చే పరిహారం ఎవరి చేతికి చేరాలి?

పల్నాడులో ఇది ఊహాజనిత ప్రశ్న కాదు. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాలో మిరప, పత్తి ప్రధాన పంటలు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీటి మీద, బోర్ల మీద, వాన మీద సాగే ఈ సేద్యంలో కౌలుదారుల పాత్ర చాలా పెద్దది. మాచర్ల, గురజాల వైపు ఏ ఊరికి వెళ్ళినా మన జమాఅత్‌లోనే సొంత పొలాన్ని కౌలుకిచ్చినవారూ కనిపిస్తారు, సెంటు భూమి లేక ఇతరుల పొలం కౌలుకు తీసుకున్నవారూ కనిపిస్తారు. ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తారు. మరి పొలం గట్టు మీద వారి మధ్య నడిచే వ్యవహారం ఎలా ఉండాలి? ఈ విషయంలో దేశ చట్టం ఏం చెబుతోంది? షరీఅత్ ఏం బోధిస్తోంది? ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం.

చట్టం నడిచిన దారి

ఆంధ్ర ప్రాంతంలో కౌలుదారుల కోసం 1956లో ఒక చట్టం వచ్చింది. అది కౌలుకు కనీసం ఆరేళ్ళ గడువు పెట్టింది. వసూలు చేసే కౌలుకు గరిష్ఠ పరిమితి కూడా విధించింది. 1974లో చేసిన సవరణ కౌలుదారుని మరింత బలపరిచింది. ఉద్దేశం మంచిదే. కానీ కాగితం రాస్తే భూమి చేజారిపోతుందేమోనని యజమానులు భయపడ్డారు. ఫలితంగా కౌళ్ళు కాగితం వదిలి నోటి మాట మీదికి దిగాయి. కౌలుదారు పేరు ఏ రికార్డులోనూ లేకుండా పోయింది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద కౌలుదారుకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇచ్చారు. ఆ కార్డుకు యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2016లో నీతి ఆయోగ్ నియమించిన టి. హక్ కమిటీ దేశమంతటికీ ఒక నమూనా కౌలు చట్టాన్ని సూచించింది. యజమానికి భూమి మీద భద్రత, సాగుదారుకు పంట మీద భద్రత – ఈ రెండూ కలిసి ఉంటేనే కౌలు బహిరంగంగా జరుగుతుందన్నది దాని సారాంశం.

ఆ తర్వాత 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. దీని ప్రకారం యజమాని, సాగుదారు 11 నెలల ఒప్పందం రాసుకుంటారు. దాని ఆధారంగా సాగుదారుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. ఈ పత్రం పంట మీద మాత్రమే హక్కునిస్తుంది. భూమి మీద ఎలాంటి హక్కునూ ఇవ్వదు. పంట రుణానికి, బీమాకు, ప్రకృతి వైపరీత్యాల్లో ఇచ్చే పెట్టుబడి సాయానికి ఇది ఆధారం. అదే సంవత్సరం మొదలైన రైతు భరోసా పథకంలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి 13,500 రూపాయల సాయానికి అర్హత కల్పించారు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. పత్రం రావాలంటే యజమాని సంతకం చేయాలి. ఆయన చేయనంటే కౌలుదారు మళ్ళీ మొదటికే వస్తాడు. 2024 తర్వాత ఈ నిబంధనను మార్చాలన్న చర్చ ప్రభుత్వంలోనూ సాగింది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా యజమాని దయ మీద ఆధారపడలేదు. అధికారులే ఊళ్ళకు వెళ్ళి, పొలం ఎవరు దున్నుతున్నారో నలుగురి ముందు అడిగి తెలుసుకుని సుమారు 14 లక్షల మంది పాలుదారుల పేర్లు నమోదు చేశారు. చట్టం ఏ దారి పట్టినా ఒకటి మాత్రం స్పష్టం. సంతకం ఎవరి చేతిలో ఉందో బాధ్యత కూడా వారి మీదే ఉంది.

మదీనా పొలాల్లో ఏం జరిగింది?

ఇస్లాంలో పొలం కౌలుకివ్వడం కొత్త విషయమేమీ కాదు. మదీనా వ్యవసాయ పట్టణం. అన్సార్లకు ఖర్జూర తోటలు, పొలాలు ఉండేవి. అక్కడ ఒక వాడుక ఉండేదని హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) తెలిపారు. పొలం యజమాని నీటి కాలువల పక్కన పండేది తనకనీ, మిగతా చోట పండేది సాగుదారుకనీ షరతు పెట్టేవాడు. ఒక్కోసారి ఈ భాగం పండి ఆ భాగం ఎండిపోయేది. ఒక్కోసారి అది పండి ఇది పోయేది. అంటే ఒకరి ఇల్లు నిండేది, మరొకరి చెమట మట్టిపాలయ్యేది. దైవప్రవక్త (స) ఈ పద్ధతిని నిషేధించారు. నాణేల రూపంలో ముందే తేల్చుకున్న కౌలులో మాత్రం దోషం లేదని రాఫె (రజి) స్పష్టం చేశారు.

ఇందులోని పాఠాన్ని గమనించండి. నిషేధం కౌలు మీద కాదు, అన్యాయమైన షరతు మీద. నష్టాన్నంతా ముందే ఒకరి వైపు నెట్టివేసే ఒప్పందాన్ని షరీఅత్ ఒప్పుకోదు. మన పొలాలకు అన్వయించుకుందాం. పాలుకిచ్చే యజమాని 'పండిన దాంట్లోంచి ముందు పది బస్తాలు నావి, తర్వాత మిగిలింది చెరిసగం' అన్నాడనుకోండి. ఆ ఏడు పండిందే పది బస్తాలైతే సాగుదారుకు ఏం మిగిలింది? అందుకే పాలు వ్యవహారంలో సగమో, మూడో వంతో, నాలుగో వంతో వాటాగానే ఉండాలనీ, ఒకరికి నికరమైన బస్తాలు ముందే కేటాయిస్తే ఆ ఒప్పందం చెల్లదనీ ధర్మవేత్తలు తేల్చారు.

మరో ఉదాహరణ ఖైబర్. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ స్వాధీనమైనప్పుడు అక్కడి భూములను దైవప్రవక్త (స) స్థానిక యూదులకే సాగుకిచ్చారు. పండిన దాంట్లో సగం వారిది. పంట అంచనా వేయడానికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) వెళ్ళేవారు. ఆయనకు లంచం ఇవ్వజూపితే తిరస్కరించారు. తాను వేసిన అంచనా మీద అనుమానముంటే ఏ సగం కావాలో మీరే ఎంచుకోండని వారికే వదిలేశారు. సాగుదారులు వేరే మతం వారు, పైగా నిన్నటిదాకా యుద్ధంలో ఎదుటి పక్షం. అయినా వారి వాటాలో గింజ కూడా తగ్గలేదు. పల్నాడులో యజమాని ఒక మతం, కౌలుదారు ఇంకొక మతం కావడం మామూలే. ఆ తేడా తూకంలోకి రాకూడదని ఖైబర్ మనకు నేర్పుతోంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) పాలు సేద్యాన్ని అంగీకరించలేదు. కానీ ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) దానిని ధర్మసమ్మతమన్నారు. హనఫీ మస్లక్‌లో ఫత్వా ఈ ఇద్దరి అభిప్రాయం మీదే ఉంది.

రాసుకోవడం అనుమానం కాదు

'మనలో మనకు కాగితాలెందుకు? మాట చాలదా?' అని చాలామంది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏది? నమాజు గురించినది కాదు, హజ్ గురించినదీ కాదు. గడువు మీద జరిగే బాకీ వ్యవహారాలను రాసుకోవాలని చెప్పే ఆయతు అది. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని, సాక్షులను పెట్టుకోవాలని, రాసేవాడు నిరాకరించవద్దని, రాసేవాడికీ సాక్షికీ హాని చేయవద్దని అది బోధిస్తుంది. బాధ్యత ఎవరి మీద ఉందో వారే చెప్పి రాయించాలనడం అందులోని మరో విశేషం. ఎందుకంటే, తాను ఇవ్వాల్సింది తన నోటితోనే ఒప్పుకున్నవాడు రేపు మాట మార్చలేడు.

కౌలు కూడా గడువు మీద నడిచే వ్యవహారమే. కాబట్టి కాగితం అడిగిన కౌలుదారుని అనుమానపు మనిషిగా చూడటం తగదు. ఆయన అడుగుతున్నది దైవ గ్రంథం చూపిన పద్ధతినే.

'సంతకం చేస్తే భూమి పోతుంది' అన్నది రెండో భయం. 1974 నాటి అనుభవం వల్ల ఈ భయం పుట్టిందని మేము పైన చెప్పాం. దానిని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ 2019 చట్టం కింద రాసేది 11 నెలల పంట ఒప్పందం. గడువు తీరగానే అది ముగుస్తుంది. భూమి మీద హక్కు యజమానిదేనని చట్టమే చెబుతోంది. భయానికి కారణం తొలగిన తర్వాత కూడా సంతకం చేయకపోతే, అది భయమా, లేక వచ్చే పరిహారం మీద ఆశా? ఎవరి మనసును వారే ప్రశ్నించుకోవాలి.

పరిహారం ఎవరి సొమ్ము?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి విపత్తుల్లో పంట నష్టపోయినవారికి ప్రభుత్వం పెట్టుబడి సాయం ఇస్తుంది. ఈ-పంటలో ఎవరి పేరు నమోదైతే డబ్బు వారి ఖాతాలోకి వెళ్తుంది. కౌలుదారు పేరు నమోదు కాని చోట అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. మార్కెట్ సాయం సంగతీ ఇంతే. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఇలాంటి ఏర్పాట్లలో పేరు లేనివాడు వరుసలో కూడా నిలబడలేడు.

ఇప్పుడు ఆలోచించండి. విత్తనం కొన్నది కౌలుదారు. మందుల దుకాణంలో బాకీ పడింది కౌలుదారు. కౌలు డబ్బు చెల్లించింది కూడా ఆయనే. యజమానికి ఆ ఏడు నష్టమేమీ లేదు, ఆయన కౌలు ఆయనకు ముట్టింది. అయినా పంట నష్టపరిహారం యజమాని ఖాతాలో పడితే, ఆయన దానిని ఉంచుకోవచ్చా? చట్టం పట్టుకోలేకపోవచ్చు. కానీ ఇతరుల సొమ్మును అక్రమంగా తినవద్దన్న అల్ బఖరా సూరా 188వ ఆయతు ఆదేశం అక్కడే నిలబడి ఉంది. అదే సూరాలోని 283వ ఆయతు సాక్ష్యాన్ని దాచడాన్ని హృదయానికి అంటే పాపంగా పేర్కొంది. 'ఈ పొలం నేనే సాగు చేశాను' అని రాయించడమూ, సాగు చేసినవాడి సంగతి తెలిసి మౌనంగా ఉండటమూ ఈ హెచ్చరిక పరిధిలోకే వస్తాయి. డబ్బు పడితే దానిని అసలు సాగుదారుకు అప్పగించడం అమానతు తీర్చడమే. దానిని దానమని పిలవకూడదు.

ఇంకా పెద్ద విషాదం ఒకటుంది. అప్పుల భారంతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 5 లక్షల నుంచి 7 లక్షల రూపాయలకు పెంచింది. కౌలు రైతు కుటుంబానికి కూడా ఇది వర్తిస్తుంది. కానీ ఆయన నిజంగా సాగు చేశాడనడానికి ఆధారమేదీ? కాగితం లేని ఇంట్లో ఆ భారమంతా భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి నెత్తిన పడుతుంది. ఒక్క సంతకం విలువ ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

పంట పోయిన ఏడు కౌలు మాటేమిటి?

2021 చివర్లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలోనే చేరి పూతను రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా అదుపులోకి రాలేదు. తోటలు దున్నేసినవారు ఎందరో ఉన్నారు. నగదు కౌలు మాత్రం ముందే చెల్లించినదో, చెల్లిస్తామని మాటిచ్చినదో అయి ఉంది. ఇలాంటి సందర్భంలో షరీఅత్ ఏమంటుంది?

ధర్మవేత్తల అభిప్రాయాలు ఇలా ఉన్నాయి:

1. పొలానికి నీరు తెగిపోయి సాగే సాధ్యం కాకపోతే కౌలు ఒప్పందం రద్దవుతుందని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. కౌలుదారు డబ్బిచ్చేది సాగుకు పనికొచ్చే భూమికి గనుక, ఆ ప్రయోజనమే లేనప్పుడు కౌలు లేదు. కాలువ మీద ఆధారపడిన మన పొలాలకు ఇది నేరుగా వర్తించే విషయం.

2. పంట వేసిన తర్వాత విపత్తు వల్ల పోతే, పోయిన నాటి వరకు కౌలు చెల్లించాలనీ, మిగిలిన కాలానికి మాఫీ అవుతుందనీ హనఫీ పండితులు రాశారు.

3. షాఫఈ, హంబలీ పండితుల్లో అధికులు భూమి చెడలేదు, పోయింది పంట మాత్రమే గనుక కౌలు చెల్లించాలన్నారు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) మాత్రం విపత్తు మేరకు కౌలు తగ్గించాలన్నారు.

చెట్టు మీది పండ్లు అమ్మిన తర్వాత విపత్తు వచ్చి అవి నాశనమైతే, కొన్న సోదరుని నుంచి సొమ్ము తీసుకోవడం తగదని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. కౌలు, పండ్ల అమ్మకం ఒకటి కావు. అయినా ఆ బోధన ఏ దిశగా చూపుతోందో గ్రహించవచ్చు. పూర్తిగా మాఫీ చేయలేని యజమాని కనీసం గడువైనా ఇవ్వాలి. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వమనీ, వదిలేస్తే అది మరింత మేలనీ అల్ బఖరా 280వ ఆయతు చెబుతోంది.

మరి పొలమే జీవనాధారమైన యజమానులు కూడా ఉంటారు కదా? నిజమే. వితంతువులు, వృద్ధులు కౌలు డబ్బు మీదే బతుకుతుంటారు. అందుకే ఈ విషయాన్ని పంట పోయాక గొడవగా మార్చుకోకుండా ముందే రాసుకోవాలి. ఉదాహరణకు, కౌలును రెండు వాయిదాలుగా విడగొట్టి, కాలువ నీరు రాకపోతే రెండో వాయిదా ఉండదని, ప్రభుత్వం కరవు లేదా పంట నష్టం ప్రకటిస్తే అందులో ఇంత తగ్గుతుందని ఇద్దరూ ఒప్పుకోవచ్చు.

కౌలుదారు మీదా బాధ్యత ఉంది

హక్కులు ఒక వైపే ఉండవు. జానెడు భూమిని అక్రమంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయ దినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందన్న హెచ్చరిక బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. కౌలు పత్రాన్ని అడ్డం పెట్టుకుని భూమి మీద హక్కు చెప్పడం, గడువు తీరినా ఖాళీ చేయకపోవడం, గట్టు జరపడం, చెట్లు కొట్టేయడం, యజమానికి తెలియకుండా ఇంకొకరికి కౌలుకివ్వడం – ఇవన్నీ నమ్మకద్రోహాలే. పంట బాగా పండి, ధర వచ్చిన ఏడు కూడా నష్టమని చెప్పి కౌలు ఎగ్గొట్టడం అంతకంటే తక్కువ పాపమేమీ కాదు. ఒక్కడు ఇలా చేస్తే ఊళ్ళోని పది మంది నిజాయితీగల కౌలుదారులకు సంతకాలు ఆగిపోతాయి.

అయితే గడువు తీరేనాటికి పంట ఇంకా కోతకు రాకపోతే? పంట చేతికొచ్చేదాకా న్యాయమైన కౌలుతో పొలాన్ని సాగుదారు దగ్గరే ఉంచాలని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. యజమాని నష్టపోడు, పచ్చని పంట పాడు కాదు.

ఇంటి అద్దెకూ ఇదే సూత్రం

నరసరావుపేట వంటి పట్టణంలో చదువుల కోసం, వైద్యం కోసం, కూలి పని కోసం వచ్చి అద్దెకుండే కుటుంబాలు ఎన్నో. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేశారు. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దెకు, వాణిజ్య స్థలానికైతే ఆరు నెలల అద్దెకు మించకూడదన్నారు. యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు తెలపాలని, తగవు వచ్చినా నీరు, కరెంటు ఆపకూడదని సూచించారు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా అమలు చేయాల్సినది. కానీ అనుమతి లేనిదే ఇతరుల ఇంట్లో ప్రవేశించవద్దని అన్ నూర్ సూరా నేర్పిన మనకు ఇందులో కొత్తేముంది?

మనం చేయగలిగినవి

1. సీజన్ మొదట్లోనే యజమాని, కౌలుదారు కలిసి గ్రామ సచివాలయానికి వెళ్ళి ఒప్పందం పూర్తి చేయాలి. విపత్తు వచ్చాక రాసే కాగితం ఉపయోగపడదు.

2. సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు మొత్తం, వాయిదాలు, నీటి షరతు, గడువు – అన్నీ స్పష్టంగా రాయాలి. ఇద్దరు సాక్షులుండాలి. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

3. ఈ-పంటలో సాగుదారు పేరు నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో స్వయంగా చూసుకోవాలి.

4. పత్రం ఎక్కడ ఉందో, ఎవరికి ఎంత బాకీ ఉందో ఇంట్లోని ఇల్లాలికి తప్పక తెలియాలి.

5. పత్రం ఉన్నంత మాత్రాన బ్యాంకు అప్పు వస్తుందని అనుకోవద్దు. యజమాని అప్పటికే ఆ భూమి మీద రుణం తీసుకుని ఉంటే బ్యాంకులు వెనకాడతాయి. పైగా వడ్డీ సమస్య ఎలాగూ ఉంది. పత్రం అసలు ప్రయోజనం పరిహారంలో, అమ్మకంలో, గుర్తింపులో ఉంది.

6. మస్జిద్, దర్గాలకు చెందిన వక్ఫ్ భూములను కౌలుకిచ్చే కమిటీలు అందరికంటే ముందు ఆదర్శం చూపాలి. అల్లాహ్ పేర ఉన్న భూమిలో సాగుదారుకు కాగితం లేకపోతే ఇతరులకు మనం ఏం చెప్పగలం?

7. జుమా ప్రసంగంలో ఏడాదికి ఒక్కసారైనా, దుక్కులకు ముందు, ఈ విషయం మాట్లాడమని ఇమాములను కోరుతున్నాం.

సోదరులారా! చట్టం సంతకం దగ్గర ఆగిపోతుంది. సంతకం చేసే చేతిని కదిలించేది దైవభీతి. భూమి నిజానికి ఎవరిది? మనం దాని మీద కొన్నాళ్ళు ఉండి వెళ్ళేవాళ్ళం. ఆ మాటకొస్తే మనమందరం గడువున్న కౌలుదారులమే. అసలు యజమాని ముందు లెక్క అప్పజెప్పే రోజున మన చేతిలో ఇంకొకరి కష్టార్జితం ఉండకూడదు. ఈ ఏడు కౌలుకిచ్చేవారు తమంతట తామే కౌలుదారుని పిలిచి 'రా, కాగితం రాసుకుందాం' అనే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.